పంట వ్యర్థాల బొగ్గుతో నీటిలోని ఆర్సెనిక్ తీయడం: కాల్చడం నుంచి వాడిన బొగ్గును దాచడం దాకా

పొలంలో మిగిలిన కట్టెనో కండెలనో గాలి సరిగా అందకుండా కాల్చి చేసిన బొగ్గే బయోచార్. దాన్ని ఉన్నదున్నట్టు గొట్టంలో పోసి నీళ్ళు వడగడితే రంగు తగ్గుతుంది, వాసన తగ్గుతుంది, ఆర్సెనిక్ మాత్రం చాలావరకు అలాగే దిగిపోతుంది. మామూలు తాగునీటి పీహెచ్ దగ్గర బొగ్గు ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది. నీటిలో ఆర్సెనిక్ ఉండే రూపాల్లో ఒకటైన ఆర్సెనేట్ కూడా రుణావేశమున్నదే కాబట్టి రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఆర్సెనిక్‌ను గట్టిగా పట్టేది ఇనుము తుప్పు, అంటే ఫెర్రిక్ హైడ్రాక్సైడ్. బంగ్లాదేశ్‌లో వాడుకలోకి వచ్చిన సోనో ఫిల్టర్‌లోనూ, నేపాల్‌లోని కంచన్ ఫిల్టర్‌లోనూ పని చేసేది ఇనుమే. బొగ్గులోని సన్నని గుల్లల గోడల మీద ఆ తుప్పును పలుచగా పరిస్తే నీటికి తగిలే వైశాల్యం బాగా పెరుగుతుంది, తుప్పు కొట్టుకుపోకుండానూ ఉంటుంది. ఈ పద్ధతిలో బొగ్గు చేసే మేలు ఇంతే. అందుకే ఇక్కడ బొగ్గు కాల్చడం కన్నా ఇనుము ఎక్కించడం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

ముందు నీటి సంగతి తేల్చుకోవాలి

ఆర్సెనిక్‌కు రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. కాచితే పోదు. నీరు కొంత ఆవిరవుతుంది కాబట్టి మిగిలినదాంట్లో మోతాదు ఇంకా పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. ప్రయోగశాలకు నమూనా పంపేటప్పుడు ఆర్సెనిక్ ఒక్కటే అడగకండి. పీహెచ్, ఇనుము, మాంగనీస్, ఫాస్ఫేట్, సిలికా, అమ్మోనియా కూడా చూడమనండి. ఫిల్టర్ ఎన్నాళ్ళు పని చేస్తుందో తేల్చేవి ఇవే. ఫాస్ఫేట్ రసాయనికంగా ఆర్సెనేట్‌కు అచ్చంగా జోడు. తుప్పు మీద అదే చోటు కోసం పోటీ పడుతుంది, పైగా నీటిలో ఆర్సెనిక్ కన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే ఫిల్టర్ ఆయుష్షు గణనీయంగా పడిపోతుంది. పీహెచ్ 8.5 దాటినా తుప్పు పట్టు సడలుతుంది.

దగ్గర్లో ఆర్సెనిక్ లేని మరో బావి ఉన్నా, వాన నీరు నిల్వ చేసుకునే వీలున్నా ఈ పనికి దిగవద్దు. లీటరుకు 300 మైక్రోగ్రాములు దాటిన నీటిని ఇంట్లో చేసిన గొట్టానికి అప్పగించడం కూడా మంచిది కాదని మా అభిప్రాయం. ఫిల్టర్ ఒక్కరోజు విఫలమైనా ఇంట్లోవాళ్ళ కడుపులోకి వెళ్ళేది మరీ ఎక్కువ. ఫిల్టర్ నీరు తాగడానికీ వంటకీ చాలు. స్నానానికి, బట్టలకి మామూలు నీరే వాడుకోవచ్చు.

ఏ వ్యర్థం, ఎలా కాల్చాలి

గింజలు ఒలిచిన మొక్కజొన్న కండెలు, పత్తి కట్టె, కొబ్బరి చిప్పలు మంచివి. గట్టి బొగ్గు వస్తుంది, నలగ్గొట్టాక బొగ్గు గింజ పొడి కాదు. వరి ఊక ఎక్కడైనా దొరుకుతుంది కానీ దాన్ని మొదటగా ఎంచుకోకండి. దాని బూడిదలో సిలికా ఎక్కువ, అది నీటిలోకి కరిగితే తుప్పు మీద ఆర్సెనిక్‌తో పోటీ పడుతుంది. ఆర్సెనిక్ ఉన్న నీటితో పండిన వరి గడ్డిలో, ఊకలో ఆర్సెనిక్ కూడా ఉంటుంది. దాన్ని కాల్చి ఫిల్టర్‌లో పోయడం మతిలేని పని. పెంట, కోళ్ల ఎరువుతో చేసిన బొగ్గు ఫాస్ఫేట్ వదులుతుంది, దాని జోలికి పోవద్దు.

200 లీటర్ల ఇనుప డ్రమ్ము తీసుకోండి. నూనె, రంగులు, పురుగుమందులు ఉన్న డ్రమ్ము పనికిరాదు. అడుగున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు 40 దాకా పొడిచి మూడు ఇటుకల మీద నిలబెట్టండి. పైన మూతకు మధ్యలో 15 సెంటీమీటర్ల రంధ్రం చేసి మీటరు పొడవు పొగగొట్టం బిగించండి. మూతకూ డ్రమ్ము అంచుకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల సందు ఉండాలి, పైకి వచ్చే పొగ మండడానికి గాలి అక్కడి నుంచే అందుతుంది. తేమ 15 శాతం లోపు ఉండేలా ఎండిన కండెలను అంచుకు ఒక జానెడు కింద వరకు నింపి, నిప్పు పైన పెట్టండి. కింద పెట్టకూడదు. పైన అంటుకున్న మంట నెమ్మదిగా కిందికి దిగుతుంది, వెలువడే వాయువులు పైనున్న నిప్పుల గుండా వెళ్ళి కాలిపోతాయి. నిప్పు సరిగా అంటుకున్నాక గొట్టం నుంచి పొగ దాదాపు కనిపించకూడదు. తెల్లని చిక్కటి పొగ వస్తోందంటే కండెలు పచ్చిగానైనా ఉన్నాయి, పైసందు నుంచి గాలి చాలకనైనా ఉంది.

ఆపాల్సిన క్షణం రంగును బట్టి తెలుస్తుంది. పసుపు మంట తగ్గి బొగ్గు మీద సన్నని నీలి నాలుకలు ఆడుతుంటే వాయువులు అయిపోయాయి, ఇక కాలేది బొగ్గే. వెంటనే మూత తీసి పక్కగా నిలబడి నీళ్ళు పోయండి, ఆవిరి ముఖానికి కొట్టకుండా చూసుకోండి. ఆవిరి పూర్తిగా ఆగేదాకా పోయాలి. ఆరిందనుకున్న బొగ్గు గంటల తర్వాత మళ్ళీ రాజుకోవడం మామూలే. ఈ పని ఎప్పుడూ ఆరుబయటే చేయాలి, కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనపడదు. ఎండిన వ్యర్థం బరువులో ఐదో వంతు, నాలుగో వంతు బొగ్గుగా మిగులుతుంది.

ఒక ముక్క విరిచి చూడండి. లోపల గోధుమ రంగు ఉంటే సరిగా కాలలేదు. వేళ్ళ మధ్య నలిపి ఉత్త నీళ్ళతో కడిగితే మసి పోవాలి. జిడ్డుగా అంటుకొని సబ్బు పడితే తప్ప పోకపోతే తారు మిగిలింది. ఆ బొగ్గు తాగునీటికి వాడకూడదు.

నలగ్గొట్టడం, కడగడం

బొగ్గును తడిగానే గోనె సంచిలో వేసి చెక్క సుత్తితో కొట్టండి, దుమ్ము లేవదు. 2 మిల్లీమీటర్ల జల్లెడలో దిగి, అర మిల్లీమీటరు జల్లెడ మీద నిలిచిన గింజే మనకు కావాలి. అంతకన్నా సన్నమైతే గొట్టం పూడుకుపోతుంది. లావైతే గింజ లోపలికి ఆర్సెనిక్ చేరేలోపే నీరు దాటిపోతుంది. సగానికి సగం సన్నపొడిగా పోవచ్చు, దాన్ని పొలంలో వేసుకోండి. ఇనుము, ఆర్సెనిక్ తగలని బొగ్గు కాబట్టి ఇబ్బంది లేదు.

గింజను వేడి నీళ్ళలో పోసి రాత్రంతా నానబెట్టండి. గుల్లల్లో గాలి ఉన్నంతసేపు బొగ్గు తేలుతూనే ఉంటుంది, ఇనుప ద్రావణం లోపలికి పోదు. తెల్లారాక కూడా తేలుతున్నది తీసి పారేయండి. మిగిలినదాన్ని నీళ్ళు మార్చి మార్చి కడగండి. కడుగునీటి పీహెచ్ 8కి దగ్గర పడేదాకా ఆపవద్దు. ఈ పని తొందరగా ముగించాలనిపిస్తుంది, కానీ తర్వాత వచ్చే సమస్యల్లో చాలా వాటికి మూలం ఇక్కడే. బూడిద క్షారం మిగిలితే ఫెర్రిక్ క్లోరైడ్ పోయగానే బుసబుసమని నురగ వస్తుంది, ఇనుము గుల్లల్లోకి వెళ్ళేలోపే బయట బురదలా పేరుకుపోతుంది. ఆ బురద రెండు రోజుల్లో నీటిలో కొట్టుకుపోతుంది.

ఇనుము ఎక్కించడం

కడిగి ఆరబెట్టిన కిలో బొగ్గుకు 50 గ్రాముల ఇనుము లెక్క. దీనికి పసుపు ముద్దలుగా దొరికే నీటితో కూడిన ఫెర్రిక్ క్లోరైడ్ 240 గ్రాములు కావాలి. నల్లని పొడి రూపం అయితే 145 గ్రాములు. అది నీటిలో వేయగానే బాగా వేడెక్కి ఘాటు పొగ వస్తుంది కాబట్టి కొద్దికొద్దిగా వేయాలి. 40 శాతం ద్రావణం అయితే 360 గ్రాములు తూచుకోండి. నీటి శుద్ధికి అమ్మే రకమే తీసుకోండి. సర్క్యూట్ బోర్డులు చెక్కడానికి ఒకసారి వాడిన ఫెర్రిక్ క్లోరైడ్‌లో రాగి నిండా ఉంటుంది, ఉచితంగా వచ్చినా వద్దు.

ప్లాస్టిక్ తొట్టి, చెక్క గరిటె, రబ్బరు చేతొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. ఈ ద్రావణం అల్యూమినియాన్ని, ఇనుప పాత్రలను తినేస్తుంది, గచ్చు మీద పడ్డ మరక పోదు. 5 లీటర్ల నీటిలో ఫెర్రిక్ క్లోరైడ్ కరిగించి, బొగ్గు పోసి, మధ్యమధ్యలో కలుపుతూ ఒక రోజు ఉంచండి. మరో ప్లాస్టిక్ పాత్రలో 110 గ్రాముల కాస్టిక్ సోడాను లీటరు పైచిలుకు నీటిలో కరిగించండి. సోడాను నీటిలో వేయాలి, సోడా మీద నీళ్ళు పోయకూడదు. ఈ ద్రావణాన్ని సన్నని ధారగా బొగ్గు తొట్టిలో పోస్తూ కలపండి. పీహెచ్ 2 దగ్గర మొదలై చాలాసేపు పెద్దగా కదలదు, 4 దాటాక ఒక్కసారిగా ఎగబాకుతుంది. అక్కడి నుంచి చెంచాలతో పోయండి. 7 నుంచి 7.5 మధ్య ఆపాలి. బొగ్గులోనే కొంత క్షారం ఉంటుంది కాబట్టి 110 గ్రాములూ పట్టకపోవచ్చు.

మర్నాడు పీహెచ్ మళ్ళీ చూస్తే 5కో 6కో దిగి ఉంటుంది. గుల్లల్లోని ఆమ్లం నెమ్మదిగా బయటికి రావడమే కారణం. మళ్ళీ 7కి తెచ్చి ఇంకో రోజు ఉంచండి. తర్వాత నీరు వంచేసి, బొగ్గును పలుచగా పరచి నీడలో ఆరబెట్టండి. పొయ్యి మీదో ఓవెన్‌లోనో ఆరబెడితే 60 డిగ్రీలు దాటనివ్వవద్దు. ఇప్పుడు పడిన తుప్పు స్ఫటికం కట్టని మెత్తని రకం, ఆర్సెనిక్‌కు చోటు ఎక్కువ ఇచ్చేది అదే. వేడి తగిలేకొద్దీ స్ఫటికాలు కట్టి ఆ చోటు కుంచించుకుపోతుంది. పూర్తిగా ఆరాకే కడగాలి. ఆరకముందు కడిగితే పూత ఊడిపోతుంది. కడుగునీటిలో ఎరుపు ఆగి, ఉప్పదనం పోయేదాకా కడగండి.

ఫెర్రిక్ క్లోరైడ్ దొరకని చోట అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) వాడవచ్చు. కిలో బొగ్గుకు 250 గ్రాములు, కాస్టిక్ సోడా 70 గ్రాముల చిల్లర. పీహెచ్ 7, 8 మధ్య ఉంచుతూ చేపల తొట్టి గాలి పంపుతో గంటల తరబడి గాలి కొట్టాలి. తొట్టిలో ముదురు ఆకుపచ్చ బురద కనబడుతుంది, అది పూర్తిగా ఇటుక రంగుకు తిరిగేదాకా గాలి ఆపకూడదు. పచ్చదనం మిగిలిందంటే ఇనుము ఇంకా ఫెర్రస్ రూపంలోనే ఉంది, ఫిల్టర్‌లో కరిగి నీటిలోకి వస్తుంది. ఎరువుల కోసం అమ్మే అన్నభేదిలో సీసం, ఆర్సెనిక్ లాంటి మలినాలు ఉండే వీలుంది, తాగునీటికి వద్దు.

గొట్టంలో పోసే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. నాలుగు సీసాల్లో మీ నీరే లీటరు చొప్పున పోసి 0.5, 1, 2, 5 గ్రాముల బొగ్గు వేసి గంటసేపు కుదపండి. వడగట్టి ఆర్సెనిక్ చూడండి. 5 గ్రాముల సీసాలో కూడా సగానికైనా తగ్గకపోతే పూత సరిగా పడలేదు, లేదా నీటిలో ఆర్సెనైట్ (ఆర్సెనిక్‌కు గాలి తగలని నీటిలో ఉండే రూపం) ఎక్కువగా ఉంది.

ఆర్సెనైట్‌ను ముందు మార్చాలి

లోతు బోరు నీటిలో గాలి ఉండదు కాబట్టి ఆర్సెనిక్ చాలావరకు ఆర్సెనైట్ రూపంలో ఉంటుంది. దానికి పీహెచ్ 9 దాకా ఆవేశమే ఉండదు, తుప్పుకు ఆర్సెనేట్ అంత బాగా అంటదు. గాలి తగిలితే మారుతుంది కానీ రోజులు పడుతుంది. క్లోరిన్ నిమిషాల్లో మారుస్తుంది. 20 లీటర్ల నీటికి 5 శాతం బ్లీచ్ ద్రావణం 0.8 మిల్లీలీటర్లు, అంటే సుమారు 16 చుక్కలు, వేసి అరగంట ఉంచండి. అప్పటికీ లీలగా క్లోరిన్ వాసన ఉంటే సరిపోయినట్టు. లేకపోతే నీటిలోని ఇనుమో మాంగనీసో అమ్మోనియానో దాన్ని తినేసింది, ఇంకొన్ని చుక్కలు వేయాలి. పాత బ్లీచ్‌లో బలం తగ్గిపోతుంది, మూత తీసిన సీసా నెలల తరబడి వాడవద్దు.

క్లోరిన్ కలిపేది నీరు గొట్టంలోకి వెళ్ళేముందు నిలిపే తొట్టిలోనే. బొగ్గు పొరలో దిగగానే క్లోరిన్ మొత్తం బొగ్గుకే ఖర్చయిపోతుంది. నీటిలో సహజంగా ఇనుము ఎక్కువుంటే ఈ తొట్టిలోనే ఎర్రగా అడుగుకు దిగుతుంది, కొంత ఆర్సెనిక్‌నూ వెంట తీసుకుపోతుంది. పై తేట నీటిని ఇసుక గుండా వంపి ఆ తర్వాతే బొగ్గుకు పంపండి. లేకపోతే వారంలోనే పూడిక మొదలవుతుంది.

గొట్టాలు నింపడం

110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, మీటరు పొడవు ముక్కలు రెండు. లోపలి వ్యాసం దాదాపు 10 సెంటీమీటర్లు. అడుగు మూతకు పావు అంగుళం నాజిల్, దాని మీద నైలాన్ వల, 5 సెంటీమీటర్లు చిన్న గులకరాయి, 5 సెంటీమీటర్లు ముతక ఇసుక, మళ్ళీ వల. ఆ పైన 60 సెంటీమీటర్లు బొగ్గు, దాని మీద వల, తేలకుండా నొక్కి ఉంచడానికి కాస్త గులకరాయి. ఒక్కో గొట్టంలో 4.7 లీటర్ల బొగ్గు పడుతుంది, ఎండు బరువు కిలోన్నర అటూఇటూ. పొడిగా పోయవద్దు. గొట్టంలో సగం నీళ్ళు నింపి తడి బొగ్గును కొద్దికొద్దిగా జారవిడుస్తూ గొట్టాన్ని చేత్తో తట్టండి. పొడిగా నింపితే గాలి బుడగలు చిక్కుకొని నీరు ఒక పక్క దారి చేసుకుంటుంది, మిగతా బొగ్గుకు నీరే తగలదు.

నాజిల్ నుంచి వచ్చే సన్నని గొట్టాన్ని పైకి వంచి, దాని చివర బొగ్గు పై అంచు కన్నా రెండంగుళాలు ఎత్తున ఉండేలా కట్టండి. అప్పుడు తొట్టి ఖాళీ అయినా బొగ్గు ఎండదు. రెండు గొట్టాలనూ వరసగా కలపాలి, మొదటిదాని నీరు రెండోదాని పైన పడాలి. మధ్యలో ఒక చిన్న కుళాయి పెట్టండి. పరీక్షకు నమూనా అక్కడి నుంచే పట్టాలి, ఈ కుళాయి లేకుండా రెండు గొట్టాలు పెట్టీ ప్రయోజనం లేదు.

నీరు ఒక్కో గొట్టంలోని బొగ్గు దాటడానికి 20 నిమిషాలు తీసుకోవాలి. అంటే నిమిషానికి 235 మిల్లీలీటర్లు. 250 మిల్లీలీటర్ల గ్లాసు నిండటానికి నిమిషం మీద నాలుగైదు సెకన్లు పట్టాలి. ఈ వేగంలో 20 లీటర్లకు గంటన్నర పడుతుంది. ఆలస్యమని కుళాయి ఇంకాస్త తిప్పితే గ్లాసు తొందరగా నిండుతుంది, ఆర్సెనిక్ కూడా అంతే తొందరగా వచ్చేస్తుంది. మొదటి 50 లీటర్లు తాగకుండా పారబోయండి.

ఎన్నాళ్ళు పని చేస్తుంది

పరిశోధన పత్రాల్లో గ్రాము బొగ్గు పదుల మిల్లీగ్రాములు పట్టిందని చదివి లెక్కలు కట్టవద్దు. ఆ అంకెలు తరచూ శుద్ధమైన నీటిలో, మన బావుల్లో ఉండే దానికి వందల రెట్ల ఆర్సెనిక్ కలిపి కొలిచినవి. ఫాస్ఫేట్, సిలికా ఉన్న నీటికి గ్రాముకు 0.2 మిల్లీగ్రాములతో లెక్క మొదలుపెట్టండి. కిలోన్నర బొగ్గుకు 300 మిల్లీగ్రాములు. నీటిలో లీటరుకు 100 మైక్రోగ్రాములు ఉండి రోజుకు 20 లీటర్లు వాడితే రోజుకు 2 మిల్లీగ్రాములు, 150 రోజులు వస్తుంది. 300 మైక్రోగ్రాములైతే 50 రోజులే. ఇది అంచనా మాత్రమే, మార్చే రోజును నిర్ణయించాల్సింది పరీక్ష.

మొదటి వారం మూడుసార్లు, ఆ తర్వాత వారానికోసారి మధ్య కుళాయి నీరు చూడండి. జింకు, ఆమ్లంతో ఆర్సీన్ వాయువు పుట్టించి మెర్క్యురిక్ బ్రోమైడ్ కాగితాన్ని పసుపు, గోధుమ రంగుకు మార్చే కిట్లు దొరుకుతాయి. ఆ వాయువు విషం, కిట్‌ను గాలి ఆడే చోటే వాడాలి. కాగితంలో పాదరసం ఉంది, మామూలు చెత్తలో వేయకూడదు. నీటికి కుళ్ళిన గుడ్డు వాసన ఉంటే సల్ఫైడ్ కూడా కాగితాన్ని మరక చేస్తుంది. 10 మైక్రోగ్రాముల దగ్గర రంగుల తేడా కంటికి సరిగా ఆనదు, అందుకే ఇంటికి వెళ్ళే నీటిని మొదట్లోనూ, ఆపైన అప్పుడప్పుడూ ప్రయోగశాలలో చూపించాలి. మధ్య కుళాయి నీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే మొదటి గొట్టం తీసేసి, రెండోదాన్ని ముందుకు తెచ్చి, కొత్తది వెనక పెట్టండి.

నీరు ఎర్రగా వస్తే పూత ఊడుతోంది, లేదా ఫెర్రస్ మిగిలింది. వేగం తగ్గితే పై పొరలో పూడిక చేరింది, పైన రెండు మూడు సెంటీమీటర్లు కదిపి ఆ మురికి నీటిని తోడేయండి. ఆ బురదలోనూ ఆర్సెనిక్ ఉంటుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది బయటికి ఏ గుర్తూ ఇవ్వదు. ఫిల్టర్‌ను వాడకుండా నిలవ నీటితో వదిలేస్తే లోపల గాలి అయిపోతుంది, ఇనుమును కరిగించే బ్యాక్టీరియా పెరుగుతుంది, తుప్పుతో పాటు దాచుకున్న ఆర్సెనిక్ కూడా బయటికి వస్తుంది. అప్పుడు బయటికి వచ్చే నీటిలో లోపలికి పోసినదానికన్నా ఎక్కువ ఉండవచ్చు. రెండు మూడు రోజులు ఊరెళితే తిరిగొచ్చాక మొదటి 20 లీటర్లు పారబోయండి. అంతకు మించితే వెళ్ళేముందే నీరు మొత్తం దించేయండి. ఇంకో మాట, ఈ గొట్టం క్రిములను చంపదు. బొగ్గు పొరలో అవి పెరుగుతాయి కూడా. బయటికి వచ్చిన నీటిని మరిగించాలి లేదా విడిగా క్లోరిన్ కలపాలి.

వాడిన బొగ్గు

ఒక గొట్టంలో 300 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉంటుంది. అంత మొత్తం ఒకేసారి కడుపులోకి వెళితే పెద్దవాళ్ళ ప్రాణం కూడా పోతుంది. బొగ్గు కదా అని పొయ్యిలో వేస్తే ఆర్సెనిక్ పొగగా లేస్తుంది. పొలంలో, కంపోస్టులో, పెంటకుప్పలో వేస్తే తడిలో గాలి అందక కరిగి మళ్ళీ భూగర్భజలానికే చేరుతుంది. వర్షం, పిల్లలు, పశువులు తగలని చోట ఆరబెట్టి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, ఏముందో ఎప్పటిదో పైన రాసి ఉంచండి. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రం ఉంటే అక్కడికి పంపడమే సరైన దారి. అలాంటిది అందుబాటులో లేకపోతే సిమెంటు, ఇసుకతో కలిపి దిమ్మెగా పోసి, వాన తగలని గట్టు మీద పొడిగా ఉంచాలి. తొట్టి అడుగున దిగిన ఎర్ర బురద, ఫిల్టర్ పైనుంచి తోడిన మురికి కూడా ఎండాక ఇదే డబ్బాలోకి వెళ్ళాలి.